బయ్యారము చెఱువు శాసనము – కాకతీయ శబ్దవిచారము

ఆంగ్లదేశమున నొక ప్రాచీనగ్రామముయొక్క చరిత్రమును వ్రాయఁబూనినవారికి, 1086వ సంవత్సరమున రాజాజ్ఞచే సిద్ధమైన భూమిలెక్కలును, ప్రభువుల కచ్చేరీ కవిలెలును ఆధారము లగుచున్నవి. ఆంధ్రదేశమున నట్టి కవిలెల స్థానమును శిలాశాసనములు వహించినవి. అందును చెఱువులకడ నిలిపిన శాసనములు మిక్కిలి విలువ గలవి. ఏలయన, చెఱువే గ్రామమునకుఁ బ్రాణము. గుడికి ధూపదీపనైవేద్యములును, విప్రులకు వృత్తులును, కాఁపునకుఁ బంటయు దాని నీటనే సాగినవి. చెఱువు త్రవ్వించినవారికిని, కట్టను గాపాడువారికిని దశబంధమను పేర మాన్యము లిచ్చు నాచార మందుచేతనే యేర్పడినది.

2016 వఱకు ఖమ్మము జిల్లాలో నుండి, పిమ్మట మహబూబాబాదు జిల్లాలోఁ జేరిన బయ్యార మిందులకు మంచి నిదర్శనము. కాకతి గణపతిదేవచక్రవర్తి (1199–1262) సోదరియు, నతవాటి రుద్రుని పత్నియు నగు మైలాంబ యిచ్చటఁ దటాకమును గట్టించి, దానికి ధర్మకీర్తిసముద్ర మని పేరిడెను. ఊరిపేరులోని ‘బయ్య’ శబ్ద మామె తల్లియగు బయ్యాంబను స్ఫురింపఁజేయుచున్నది. తటాకము సప్తసంతానములలో నొకటి గాన, దానిని బ్రతిష్ఠించునపుడు వంశకీర్తనము సహజము. కావుననే శాసనము పుట్టినింటివంశమును మూలపురుషునినుండి వర్ణించినది. పెక్కు శాసనములలో బేతరాజుతోనో ప్రోలరాజుతోనో యారంభమగు వంశావళి యిందు దుర్జయకులజుఁడగు వెన్ననృపునివఱకుఁ బోయి, నడుమ గుండ, ఎఱ్ఱ మున్నగువారిని బేర్కొనుచున్నది. తూర్పుచాళుక్య దానార్ణవుని 956 నాఁటి మాగల్లు శాసనమునందును గుండియ, ఎఱియ నామము లుండుటచే నీ క్రమమునకు బలము చేకూరుచున్నది.

ఇఁక కాకతీయ శబ్దము. ప్రతాపరుద్రీయమునకు రత్నాపణవ్యాఖ్యను రచించిన కుమారస్వామిసోమపీథి, కాకతి యనఁగా దుర్గాశక్తి యనియు, ఆమె యేకశిలానగరాధీశుల కులదేవత యనియుఁ జెప్పెను. బయ్యారము శాసనమో, వెన్ననృపుఁడు కాకతి యను పురమునుండి పాలించుటచే నాతని వంశ్యులు కాకతీశు లైరనుచున్నది. వ్యాకరణమును బట్టి తీర్పు చెప్పవచ్చునా యన్న, వీలులేదు. కాకతిశబ్దమున మొదటి యచ్చు ఆకార మగుటచే దానికి వృద్ధసంజ్ఞ కలుగును. పాణినిమతమున వృద్ధమునకు శైషికార్థములయందు ఛప్రత్యయమును, ఛకారమునకు ఈయాదేశమును వచ్చును. ‘అందుండువాఁడు’ అనునదియు, ‘దానియందు భక్తి గలవాఁడు’ అనునదియు శైషికార్థములే. కావునఁ గాకతి పురవాచకమైనను దేవతావాచకమైనను రూప మొక్కటియే.

శబ్దము తీర్పని సంశయమును శిలయే తీర్పవలెను. శాసనకర్త్రి యా వంశమునఁ బుట్టిన యాఁడుబిడ్డ. వ్యాఖ్యాత 1323లో రాజ్య మంతరించిన పిదపటివాఁడు. స్వకులనామవిషయమున నామె మాటయే ప్రబలము. అట్లని వ్యాఖ్యాత మాట త్రోసివేయ నక్కఱలేదు. దేవతపేరఁ బురమును, పురముపేర వంశమును బ్రసిద్ధి కెక్కుట లోకమున నున్నదే.

బయ్యారము చెఱువు నేఁటికిని పొలములకు నీ రిచ్చుచున్నది. కట్టకు మరమ్మతు జరుగునపు డెల్ల ఱాళ్లు కదలును. ఈ యొక్క ఱాయి ముందే చెదరియుండినచో, వెన్ననృపుని పేరు మన కందియుండదు. కావున గ్రామపాఠశాలలలోని పండితులు తమ యూరి చెఱువుకట్టలపై నున్న వ్రాఁతఱాళ్లను గనిపెట్టి, ప్రతిబింబములు దీయించి యుంచుట వారికిఁ దగిన కృషి.