పడమటి కిటికీకి ఏ అద్దం?

గుడివాడలో ఇల్లు కట్టుకునేవాళ్లు అద్దాల షాపుకు వెళ్తే మాట్లాడేది మూడు సంగతులు: మందం ఎంత, రంగు ఏది, చదరపు అడుగు ఎంత. ఐదు ఎం.ఎం. ప్లెయినా, బ్రౌనా, బయటివాళ్లకు లోపల కనపడని రిఫ్లెక్టివా? రోహిణి కార్తెలో పడమటి కిటికీ గుండా గదిలోకి ఎంత వేడి దిగుతుందన్నది మాత్రం ఈ మూడింటిలో దేనివల్లా తేలదు. అద్దం నల్లగా ఉంటే గది చల్లగా ఉంటుందని మనకో నమ్మకం. అందులో నిజం సగమే.

నేలకు చేరే సూర్యశక్తిలో కంటికి కనిపించే వెలుగు సగానికి లోపే. కాస్త అతినీలలోహితం పోగా మిగిలిందంతా పరారుణం. ఆ కనపడని భాగాన్ని అద్దం ఏం చేస్తుందో చూపుతో పోల్చుకోలేం. మామూలు 6 మిల్లీమీటర్ల ప్లెయిన్ అద్దం వెలుగులో సుమారు 88 శాతాన్ని లోపలికి పంపుతుంది. దాని సౌరతాప గుణకం, అంటే ఇంజినీర్లు ఎస్‌హెచ్‌జీసీ అనేది, దాదాపు 0.82. మీద పడ్డ ఎండలో నూటికి 82 పాళ్లు ఏదో ఒక రూపంలో గదిలోకి వస్తాయన్నమాట. అదే మందంలో కంచు రంగు అద్దం పెడితే వెలుగు 53 శాతం దగ్గరికి పడిపోతుంది, గుణకం మాత్రం 0.62 దగ్గరే ఆగుతుంది. పగలే లైటు వేసుకోవాల్సి వస్తుంది, ఉక్కపోత పెద్దగా తగ్గదు. రంగు అద్దం ఎండను వెనక్కి కొట్టేది తక్కువ, తాగేదే ఎక్కువ. తాగి, కాగి, ఆ వేడిలో కొంత గదిలోకే వదులుతుంది. సాయంత్రం నాలుగింటికి అద్దం మీద చెయ్యి పెడితే తెలిసిపోతుంది. పలుచటి వెండి పూతలున్న జంట అద్దాలు ఇందుకు పూర్తిగా విరుద్ధం. వాటిలో మేలురకాలు 60 శాతానికి పైగా వెలుగునిచ్చి కూడా గుణకాన్ని 0.3 లోపు ఉంచగలవు. చూడ్డానికి అవి దాదాపు ప్లెయిన్‌గానే ఉంటాయి.

మరి ఈ అంకెలు ఎక్కడివి? కంపెనీ కరపత్రంలో అచ్చేసినంత మాత్రాన నమ్మాలా? ఇందుకోసమే అమెరికాలోని లారెన్స్ బర్కిలీ జాతీయ ప్రయోగశాల ఒక ఉమ్మడి ఖాతా నడుపుతోంది. పేరు ఇంటర్నేషనల్ గ్లేజింగ్ డేటాబేస్. వేల రకాల అద్దాల కొలతలు అందులో ఉన్నాయి. కొలిచి పంపేది అద్దాల తయారీదారులే.

కొలిచే పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. శుభ్రంగా తుడిచిన చిన్న అద్దపు ముక్కను స్పెక్ట్రోఫోటోమీటర్‌లో పెట్టి, 300 నానోమీటర్ల నుంచి 2500 దాకా ఒక్కో తరంగదైర్ఘ్యపు కాంతినీ దాని మీద వేస్తారు. దాటి వచ్చిన కాంతిని, తిరిగి వచ్చిన కాంతిని లోపలంతా తెల్ల పూత ఉన్న ఒక గోళంలో పోగుచేసి లెక్కిస్తారు. ఒక్కో తరంగదైర్ఘ్యానికి మూడు అంకెలు: ఎంత దాటింది, ముందు వైపు నుంచి ఎంత తిరిగొచ్చింది, వెనక వైపు నుంచి ఎంత. పూసిన అద్దానికి పూత ఒక పక్కే ఉంటుంది కాబట్టి ఈ చివరి రెండూ ఒకటి కావు. వీటికి తోడు మందం, పూత ఏ వైపు ఉందన్న వివరం, రెండు ముఖాల ఉద్గారత, అంటే కాగిన ముఖం వేడిని ఎంతగా వెదజల్లుతుందో చెప్పే అంకె. పూత లేని గాజుకు ఉద్గారత 0.84.

ఈ అంకెల్ని గీతగా గీస్తే గాజులో ఏం కలిసిందో కూడా బయటపడుతుంది. షాపులో నిలబెట్టిన ప్లెయిన్ అద్దాన్ని అంచు వైపు నుంచి చూడండి, ఆకుపచ్చగా ఉంటుంది. అది ఇసుకతో వచ్చిన ఇనుము. గీతలో 1000 నానోమీటర్ల చుట్టుపక్కల పెద్ద పల్లం కనిపిస్తుంది, అది కూడా ఆ ఇనుము పనే. ఇనుము తగ్గించిన గాజులో ఆ పల్లం దాదాపు పూడిపోతుంది.

పంపిన కొలత నేరుగా ఖాతాకెక్కదు. దాటినదీ తిరిగొచ్చినదీ కలిపితే ఒకటికి మించకూడదు. మించితే యంత్రంలోనో మనిషిలోనో తప్పుంది. ఆ తర్వాత అదే రంగంలోని మిగతా కంపెనీలు దాన్ని పరిశీలిస్తాయి. పోటీదారుడి కళ్లకన్నా నిశితమైన తనిఖీ ఏముంటుంది! కొన్నేళ్లకోసారి ఒకే రకం నమూనాలను ప్రయోగశాలలన్నీ కొలిచి, ఎవరి అంకె ఎంత పక్కకు పోయిందో సరిచూసుకుంటాయి.

కొలతలు ఒకచోట ఉండటం వల్ల లాభం, రెండు మూడు అద్దాలు జతచేసిన కిటికీని తయారుచేయకుండానే లెక్కకట్టవచ్చు. బర్కిలీవాళ్లే ఉచితంగా ఇచ్చే 'విండో' అనే సాఫ్ట్‌వేర్ ఆ పని చేస్తుంది. ఆ కిటికీ పెట్టిన భవనానికి ఏడాదికి ఎంత కరెంటు అవుతుందో తేల్చాలంటే అద్దంతో పాటు ఊరి వాతావరణమూ కావాలి. ఈ విషయంలో మన బందరు (మచిలీపట్నం) వెనకబడి లేదు. అక్కడి వాతావరణ కేంద్రానికి అంతర్జాతీయ సంఖ్య 43185, దాని పరిశీలనలు ప్రపంచమంతా వాడుకుంటుంది.

ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబులో అద్దాన్ని కొలవలేమా అని అడగవచ్చు. కెమిస్ట్రీ విభాగాల్లో ఉండే యూవీ-విజిబుల్ యంత్రం సాధారణంగా 1100 నానోమీటర్ల దగ్గర ఆగిపోతుంది. వెలుగు లెక్క తేలుతుంది గాని, వేడి లెక్క మధ్యలోనే తెగుతుంది. విద్యార్థుల ప్రాజెక్టుకు అది చాలు, ఖాతాకెక్కించడానికి చాలదు. మన దేశంలో ఈ తరహా పనికి ఊపొచ్చింది 2012లో. అప్పుడు మొదలైన ఇండో-అమెరికా భవన ఇంధన పరిశోధన కేంద్రాన్ని అహ్మదాబాద్ సెప్ట్ విశ్వవిద్యాలయం, బర్కిలీ ప్రయోగశాల ముందుండి నడిపాయి. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ అందులో భాగస్వామి.

చట్టం కూడా అంకెలే అడుగుతోంది. ఇంధన పొదుపు భవన నియమావళిని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2014లో తప్పనిసరి చేసింది. నియమావళి 2017 ప్రతి ప్రకారం 100 కిలోవాట్లు, ఆపైన లోడున్న వాణిజ్య భవనాలకు మన తేమ వేడి ప్రాంతంలో ఉత్తరం కాని దిక్కుల్లో గుణకం 0.27 మించరాదు. ఉత్తరపు కిటికీలకు 15 డిగ్రీల అక్షాంశమే గీత. దానికి పైనున్న ఊళ్లకు 0.50 దాకా సడలింపు, దిగువనున్న ఊళ్లకు అదే 0.27. బందరు, గుడివాడ, అవనిగడ్డ అన్నీ 16 దాటాయి కాబట్టి సడలింపులోకే వస్తాయి. అలాగని ఉత్తరపు కిటికీని పూర్తిగా నమ్మకండి. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మనకు మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగానే ఉంటాడు.

ఈ ఖాతా చెప్పని సంగతులూ ఉన్నాయి. అది కొలిచింది తుడిచిన అద్దాన్ని. నాగాయలంక ఉప్పుగాలి పొర పట్టిన అద్దాన్ని కాదు. మెత్తటి వెండి పూత తేమకు, ఉప్పుకు చెడిపోతుంది, అందుకే దాన్ని జంట అద్దాల మధ్య మూసి ఉంచాలి. మామూలు అద్దాన్ని టఫెండ్ చేసినా, అంటే వేడిచేసి గట్టిపరిచినా, కాంతి అంకెలు దాదాపు మారవు, కాబట్టి దాని బలం ఎంతో ఈ ఖాతా చెప్పదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన చూసిన దివిసీమలో అద్దం గాలికి ఆగుతుందా అన్నది వేరే పరీక్ష, అది విడిగా అడగాల్సిందే.

సొంత ఇంటికి ఈ నియమావళి వర్తించదు. పడమట ఒక చెట్టో, బయటి వైపు వెదురు తడికో ఉంటే ఖరీదైన అద్దం అక్కర్లేదు కూడా. సన్‌షేడ్ మాత్రం పడమటి ఎండకు చాలదు, సూర్యుడు కిందికి దిగి నేరుగా కొడతాడు. అద్దమే దిక్కయితే, ఈసారి షాపులో రంగు ఎంచుకునే ముందు రెండు అంకెలు అడగండి: వెలుగు ఎంత శాతం, ఎస్‌హెచ్‌జీసీ ఎంత. రెండోది చెప్పలేని అద్దానికి 'హీట్ ప్రూఫ్' పేరు మీద ఎక్కువ డబ్బు ఇవ్వకండి.