గురి కుదరాలంటే స్కోపే కావాలా?

అనకాపల్లి నూకాలమ్మ జాతరలో బెలూన్లు టపటపా పేల్చిన పిల్లాడు ఇంటికొచ్చి ‘నాన్నా, నాకూ రైఫిల్ కొనిపెట్టు. దానికి స్కోపు కూడా’ అన్నాడనుకోండి. నాన్న చెయ్యి జేబు తడుముకుంటుంది. కంగారొద్దు, ఆ రెండో ఖర్చు అక్కర్లేదు.

2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాదీ గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో. ఆ పోటీలో స్కోపు వాడనివ్వరు. సన్నని రంధ్రమున్న ‘పీప్ సైట్’ లోంచే గురి చూడాలి. కొట్టాల్సిన నడిమి చుక్క అర మిల్లీమీటరే! పైగా స్ప్రింగు రైఫిల్ పేలినప్పుడు ముందుకూ వెనక్కూ అదురుతుంది. ఆ దెబ్బలకు చవక స్కోపు ఇట్టే పాడవుతుంది.

మొదట క్లబ్బు రైఫిల్‌తో కొన్నాళ్లు నేర్పించండి. పిల్లాడు మోయగల బరువెంతో, భుజానికి ఆనే భాగం ఎంత పొడవుండాలో కోచ్‌కి తెలుస్తుంది. కొనేటప్పుడు 4.5 మిల్లీమీటర్ల (.177) సైజు, 20 జౌల్స్ లోపు శక్తి ఉన్నదే చూడండి. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం దానికి లైసెన్సు అక్కర్లేదు. అలాగని ఆటబొమ్మ కాదు, కన్ను పోగొట్టగలదు. తాళం వేసే దాచాలి.

స్కోపు డబ్బు మిగిలిందా? పెల్లెట్లు కొనండి. చదును తలవైతే అట్ట మీద గుండ్రటి రంధ్రం పడి పాయింట్లు తేలిగ్గా లెక్కకొస్తాయి. బెలూను ఎక్కడ తగిలినా పేలుతుంది. అర మిల్లీమీటరు చుక్కకు మాత్రం రోజూ సాధన కావాలి.