కొట్టు పెట్టబోయే వారికి

నంద్యాలలో చదువు ముగించి, ఏదైనా వ్యాపారం పెడతామంటూ సలహాకు వచ్చే కుర్రవాళ్లను నేను ముందు ఆళ్లగడ్డ వెళ్లి శిల్పుల పని చూసి రమ్మంటాను. రాయి కొనాలి, రోజుల తరబడి చెక్కాలి, కూలి ఇవ్వాలి. ఆ తర్వాతే విగ్రహం ఖరీదు చేతికందేది. బయానా పుచ్చుకోనిదే ఉలి పట్టడం క్షేమం కాదు.

ఏ వ్యాపారానికైనా ఇదే లెక్క. ఉన్న సొమ్మంతా బీరువాలకూ, బోర్డులకూ పోసేయకండి. ఆరు నెలల అద్దె, జీతాలు విడిగా ఉంచండి. ఇంటిఖర్చుకు గల్లాపెట్టెలో చెయ్యి పెట్టకండి. అరువు తప్పనిసరైతే గడువు కాగితం మీద రాయించండి.

వస్తువులు తయారుచేసేవారు ఉద్యం రిజిస్ట్రేషన్ చేయించుకోండి, రుసుము లేదు. 2006 నాటి చట్టం ప్రకారం కొన్నవారు 45 రోజులు మించకుండా బాకీ తీర్చాలి. మించితే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ అడగవచ్చు. డబ్బు ముట్టాకే అమ్మకం పూర్తయినట్టు!