‘మై వార్’: వేగం తగ్గించి సొంత అభిమానులకే కోపం తెప్పించిన పంక్ బ్యాండ్

1984లో అమెరికాలో ఒక ఎల్పీ రికార్డు వచ్చింది. మొదటి వైపు ఆరు పాటలు, రెండో వైపు మూడే. మొదటి వైపు విన్న అభిమానులకు పెద్ద ఇబ్బందేమీ లేదు. రికార్డు తిప్పి పెట్టాకే చాలామందికి ఒళ్లు మండింది. ఆ ఆల్బమ్ పేరు ‘మై వార్’. చేసిన బ్యాండ్ బ్లాక్ ఫ్లాగ్.

ఆ కోపం ఎందుకో తెలియాలంటే హార్డ్‌కోర్ పంక్ అంటే ఏమిటో కొంచెం చెప్పుకోవాలి. 1970ల చివర్లో కొందరు అమెరికన్ కుర్రాళ్లు పంక్ సంగీతాన్ని మరింత వేగంగా, మరింత కురచగా, మరింత మొరటుగా మార్చారు. అదే హార్డ్‌కోర్. సుదీర్ఘమైన గిటార్ విన్యాసాలు స్టేడియాలు నింపే రాక్ స్టార్ల ఆడంబరమని వాళ్ల అభిప్రాయం. గిటారిస్టు గ్రెగ్ గిన్ 1976లో కాలిఫోర్నియాలోని హెర్మోసా బీచ్‌లో మొదలుపెట్టిన బ్లాక్ ఫ్లాగ్ ఈ ధోరణికి దారి చూపిన బ్యాండ్లలో ఒకటి. 1979లో వచ్చిన వాళ్ల మొదటి రికార్డులో నాలుగు పాటలుంటే, అన్నీ కలిపి సుమారు ఐదు నిమిషాలే.

1981లో తొలి పూర్తి ఆల్బమ్ ‘డ్యామేజ్డ్’ వచ్చింది. అంతకు కొద్ది నెలల ముందు వరకు వాషింగ్టన్‌లో ఐస్‌క్రీమ్ దుకాణంలో పనిచేసిన హెన్రీ రోలిన్స్ అందులో గాయకుడు. ఆ రికార్డు విషయంలో యూనికార్న్ అనే కంపెనీతో గొడవ కోర్టుకెక్కింది. బ్యాండ్ తన పేరుతో కొత్త రికార్డులు వేయకూడదని కోర్టు ఆంక్ష పెట్టింది. పాత రికార్డింగులను బ్యాండ్ పేరు లేకుండా విడుదల చేసినందుకు గిన్, బాస్ గిటారిస్టు చక్ డుకోవ్‌స్కీ కోర్టు ధిక్కారం కింద కొన్ని రోజులు జైల్లో ఉన్నారు. 1983లో యూనికార్న్ దివాలా తీశాకే చిక్కు వీడింది.

ఈలోగా బ్యాండే మారిపోయింది. సభ్యులు జుట్టు పెంచారు. పొట్టి జుట్టు దాదాపు యూనిఫారమైన హార్డ్‌కోర్ లోకంలో అదీ ఒక నేరమే. డుకోవ్‌స్కీ బ్యాండ్ విడిచిపెట్టాడు. ఆల్బమ్‌కు పేరిచ్చిన పాట రాసింది మాత్రం ఆయనే. కవర్ మీద బాస్ వాయించినట్టు కనిపించే డేల్ నిక్సన్ అనే మనిషి నిజానికి లేడు. మారుపేరుతో గిన్నే వాయించాడు. డ్రమ్స్ బిల్ స్టీవెన్‌సన్.

మొదటి వైపు పాటల్లో పాత దూకుడు ఇంకా ఉంది. రెండో వైపు మూడు పాటలూ ఒక్కొక్కటి ఆరు నిమిషాలు దాటతాయి. నడక మరీ విలంబం. ఒక దెబ్బకీ మరో దెబ్బకీ మధ్య ఖాళీ. బరువైన గిటార్‌లో పంక్ వాళ్లు పాతచింతకాయ పచ్చడి అనుకున్న బ్లాక్ సబ్బాత్ జాడ. వేగంగా పాడితే కోపం రెండు నిమిషాల్లో బయటపడి తేలికైపోతుంది. ఇక్కడ రోలిన్స్ అరుపుకు ఆ వెసులుబాటు లేదు. నిస్పృహ కదలకుండా కూర్చుంటుంది, వినేవాడినీ కూర్చోబెడుతుంది.

అభిమానుల అసహనంలో కొంత న్యాయం లేకపోలేదు. రెండో వైపు వినడం నిజంగానే కష్టం, ఒక పాటకూ ఇంకో పాటకూ తేడా తక్కువ. కానీ అసలు తగాదా అది కాదు. ఎవరి నియమాలూ ఒప్పుకోబోమని పుట్టిన సంగీతం ఐదారేళ్లలోనే తన నియమాలు తాను రాసుకుంది: వేగంగా వాయించాలి, త్వరగా ముగించాలి. వాటిని పెట్టడంలో పాలుపంచుకున్న బ్యాండే వాటిని మీరింది.

ఫలితం వేరేచోట కనిపించింది. వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన మెల్విన్స్ బ్యాండ్ ఈ మందగమనాన్ని అందిపుచ్చుకుంది. స్లడ్జ్ మెటల్ అనే శాఖకు ఈ రెండో వైపు ఒక పునాదిరాయి. నిర్వాణా గాయకుడు కర్ట్ కోబేన్ తన డైరీలో రాసుకున్న 50 ఇష్టమైన ఆల్బమ్‌ల జాబితాలో ‘మై వార్’ ఉంది. బ్లాక్ ఫ్లాగ్ మాత్రం అదంతా జరిగేలోపే, 1986లో విడిపోయింది.

ఇప్పుడు ఫోన్‌లో వింటే రికార్డు తిప్పే పని లేదు. అందుకే ఆరో పాట ‘ది స్వింగింగ్ మ్యాన్’ అయ్యాక ఒక్క నిమిషం ఆపండి. తర్వాత ఏడో పాట పెట్టండి. 1984లో ఆ కుర్రాళ్లకు ఎందుకంత కోపం వచ్చిందో అప్పుడు తెలుస్తుంది.