ఆయన జబ్బు... ఆమె జాగారం!

మూత్రాశయ క్యాన్సర్ వచ్చింది ఒక్కరికే. నిద్ర కరవయ్యేది మాత్రం ఇద్దరికి. ఆ రెండో మనిషి గురించి ఆస్పత్రి ఫైల్లో ఒక్క ముక్కా ఉండదు.

తెలుగిళ్లలో మూత్రం అనే మాట నోటితో పలకడానికే మొహమాటం. 'ఒంటికి వెళ్లొస్తా' అంటారు. 'పాసుకెళ్లాలి' అంటారు. పెద్దవాళ్లయితే లఘుశంక. అలాంటిది 'ఎర్రగా వస్తోంది' అని భార్యతో చెప్పాలంటే? చాలామంది చెప్పరు. చెప్పినా ఆవిడ మొదట అనే మాట... 'వేడి చేసుంటుందండీ'. వెంటనే బార్లీ నీళ్లు, సబ్జా గింజలు, కొబ్బరి బోండాం. రెండ్రోజుల్లో రంగు మామూలైపోతుంది. 'చూశారా, తగ్గిపోయింది' అనుకుంటారు ఇద్దరూ.

అసలు చిక్కు అక్కడే ఉంది. ఈ క్యాన్సర్లో రక్తం ఒకసారి పడి ఆగిపోతుంది. మళ్లీ వారాలు, ఒక్కోసారి నెలల దాకా కనబడదు. చాలామందికి నొప్పి కూడా ఉండదు. అంటే బార్లీ పనిచేయలేదు... ఈ జబ్బు తీరే అంత! నొప్పి లేకుండా రక్తం పడితే, ఒక్కసారైనా సరే, యూరాలజిస్టుకి చూపించుకోవాల్సిందే. ఆడవాళ్ల విషయంలో పొరపాటు ఇంకో రకం. నెలసరి తేడా అనో, ఇన్‌ఫెక్షన్ అనో మందులు వాడుతూ నెలలు గడిపేస్తారు. జబ్బు మగవాళ్లలో మూడు నాలుగు రెట్లు ఎక్కువే అయినా, ఆలస్యంగా బయటపడేది ఆడవాళ్లలోనే.

'ముప్పై ఏళ్లు మొత్తుకున్నా...'

పొగ వెళ్లేది ఊపిరితిత్తుల్లోకి కదా, మూత్రాశయానికేం సంబంధం? పొగలోని విష రసాయనాలు రక్తంలో కలుస్తాయి. మూత్రపిండాలు వాటిని వడకట్టి కిందికి పంపుతాయి. అక్కడ అవి మూత్రంతోపాటు గంటల తరబడి నిలవుంటాయి. సంచి లోపలి పొర ఏళ్ల తరబడి ఆ నీళ్లలో నానుతుందన్నమాట. ఈ క్యాన్సర్లలో దాదాపు సగానికి పొగాకే కారణం. రసాయనాల పాత్ర కొత్త సంగతేమీ కాదు. రంగుల ఫ్యాక్టరీ కార్మికుల్లో మూత్రాశయంలో గడ్డలు వస్తున్నాయని లుడ్విగ్ రెన్ అనే జర్మనీ సర్జన్ 1895లోనే చెప్పారు.

డాక్టరు నోట ఈ మాట విన్న రోజు నుంచీ కొన్ని ఇళ్లలో మరో గొడవ మొదలవుతుంది. 'ముప్పై ఏళ్లు మొత్తుకున్నాను, విన్నారా?' ఆ కోపంలో న్యాయం లేకపోలేదు. కానీ మంచమ్మీద ఉన్న మనిషి అప్పటికే ఆ మాట తనలో తాను వందసార్లు అనుకుని ఉంటాడు. ఇప్పుడు మానేసినా లాభమే. కాబట్టి దెప్పడం మానేసి, ఆయన చేత సిగరెట్ మాన్పించే పని చూడటం మేలు. ఎన్నడూ పొగ తాగనివాళ్లకీ ఈ జబ్బు వస్తుంది. అలాంటి ఇళ్లలో కారణం వెతుక్కుంటూ కుమిలిపోనక్కర్లేదు.

భుజం మీది మచ్చ మందే

నూటికి సుమారు డెబ్భై అయిదు మందిలో క్యాన్సర్ కండరందాకా పాకకముందే బయటపడుతుంది. మూత్రమార్గం గుండా పరికరం పంపి గడ్డను తీసేస్తారు. టీయూఆర్‌బీటీ అంటారు దీన్ని. పైకి కోత కనిపించదు, కుట్లుండవు. కొద్దిరోజుల్లో ఇంటికి పంపేస్తారు. చూడ్డానికొచ్చిన చుట్టాలు 'ఇంతేనా' అని తేలిగ్గా లేచి వెళ్లిపోతారు. ఇంతే అయితే బాగానే ఉండేది. ఇది తిరగబెట్టే జబ్బు. అందుకే ముప్పు ఎక్కువున్నవాళ్లకి బీసీజీ ఇస్తారు.

అవును, మన భుజం మీద మచ్చ మిగిల్చిన ఆ టీబీ టీకా మందే! 1921లో పసిబిడ్డకి తొలిసారి ఇచ్చిన టీకా ఇది. మూత్రాశయ క్యాన్సర్ మీద పనిచేస్తోందని 1976లో కెనడా డాక్టర్ అల్వారో మొరాలెస్ బృందం ప్రకటించింది. బతికున్న ఆ బలహీన క్రిములు మూత్రాశయంలో చేరి, ఒంట్లోని రక్షణ దళాన్ని అటు రప్పిస్తాయి. మొదట వారానికొకటి చొప్పున ఆరు డోసులు. తర్వాత మధ్యమధ్యలో విరామమిస్తూ ఏడాది నుంచి మూడేళ్ల దాకా.

ఆ రోజు ఇంటావిడకి పని ఎక్కువ. మందు ఎక్కించాక రెండు గంటలు ఆపుకోమంటారు. ఆ తర్వాత ఆరు గంటల పాటు వచ్చే మూత్రంలో బతికున్న క్రిములుంటాయి. కాబట్టి ఆయన నిలబడి కాదు, కూర్చునే పోసుకోవాలి. ప్రతిసారీ బేసిన్‌లో రెండు కప్పుల బ్లీచ్ ద్రావణం పోసి, పావుగంట ఆగి నీళ్లు వదలాలి. ఇక్కడో ముఖ్యమైన హెచ్చరిక. బాత్రూము కడిగే యాసిడ్‌ని ఆ బ్లీచ్‌తో కలపనే కూడదు. విషవాయువు పుడుతుంది. ఇంట్లో ఒకటే బాత్రూము ఉంటే పిల్లలు ఆ పావుగంట ఆగాలి. ఎందుకు ఆగాలో వాళ్లకి చెప్పేయడమే మంచిది. తాతయ్యకి ఇంజెక్షన్ ఇచ్చారంటే వాళ్లూ సర్దుకుంటారు.

ఆ సాయంత్రం మంట, మాటిమాటికీ వెళ్లాల్సి రావడం, కొంచెం జ్వరం మామూలే. జ్వరం 101 దాటి, తగ్గకుండా ఉంటే మాత్రం 'రేపు చూద్దాం' అనుకోవద్దు. రక్తం గడ్డలు అడ్డుపడి మూత్రం ఆగిపోయినా అంతే, అర్ధరాత్రయినా ఆస్పత్రికే.

పంచె ఎక్కడ కడతారు?

కండరంలోకి పాకితే కథ మారుతుంది. కొందరికి కీమో, రేడియేషన్‌లతో మూత్రాశయాన్ని కాపాడే వీలుంటుంది. చాలామందికి దాన్ని తీసేయాల్సి వస్తుంది. అప్పుడు చిన్నపేగు ముక్కతో కొత్త దారి చేసి, పొట్ట మీద చిన్న ద్వారం పెడతారు. దాని పేరు స్టోమా. దానికో సంచి అతికిస్తారు.

స్టోమా ఎక్కడ రావాలో ఆపరేషన్‌కి ముందే పొట్ట మీద గుర్తు పెడతారు. ఇంటివాళ్లు నోరు తెరవాల్సిన సమయం అదే. ఆయన పంచె ఎక్కడ కడతారు, బెల్టు ఎంత కిందికి పెడతారు, ఆవిడైతే చీర కుచ్చిళ్లు ఎక్కడ దోపుతారు... ఇవన్నీ నర్సుకి చెప్పాలి. పడుకున్నప్పుడే కాదు, కూర్చున్నప్పుడు, నిలబడ్డప్పుడు కూడా చూసి గుర్తు పెట్టమనాలి. అప్పుడు మొహమాటపడితే ముడి కింద సంచి నలిగి, కారి, ఏళ్ల తరబడి ఇబ్బంది.

సంచి మార్చడానికి మంచి వేళ తెల్లవారుజాము, కాఫీ తాగకముందు. అప్పుడు మూత్రం తక్కువ వస్తుంది. మూడో వంతు నుంచి సగం నిండేసరికి ఖాళీ చేయాలి. అందులో తెల్లటి జిగురు కనిపిస్తే కంగారొద్దు, పేగు స్వభావం అది. స్టోమా ఎర్రగా, తడిగా ఉండాలి. నల్లబడితే వెంటనే డాక్టరుకి చూపించాలి.

చాలా ఇళ్లలో సంచి మార్చే పని భార్య తనమీదే వేసుకుంటుంది. ప్రేమే, కాదనలేం. కానీ చేతులు బాగా పనిచేస్తున్న మనిషికి రెండు మూడు వారాల్లో ఆ పని నేర్పి పక్కకి తప్పుకోవడమే అసలైన సేవ. లేకపోతే ఆవిడ చెల్లెలింటి పెళ్లికి కూడా వెళ్లలేదు, ఆయన ఆవిడ లేకుండా గుమ్మం దాటలేడు. ఇంకో మాట. సంచి ఉందని కొందరు పెద్దవాళ్లు తమంతట తామే పూజగదికి దూరమైపోతారు. శుభ్రంగా అతికించిన సంచిలోంచి చుక్క రాదు, వాసన రాదు. 'రండి, దీపం పెట్టండి' అని ఇంట్లోవాళ్లే పిలవాలి.

సంచి వద్దనుకునేవాళ్లలో కొందరికి పేగుతోనే లోపల కొత్త మూత్రాశయం చేస్తారు. నియోబ్లాడర్ అంటారు. వినడానికి బాగుంది. కానీ దానికి నిండిన సంగతి పాతదానిలా తెలియదు. మొదట్లో రెండు మూడు గంటలకోసారి, రాత్రుళ్లు కూడా, అలారం పెట్టుకుని లేవాలి. ఆయన్ని లేపేది ఎవరు? దుప్పట్లు మార్చేది ఎవరు? ఏ ఆపరేషనో తేల్చుకునేటప్పుడు ఈ లెక్క కూడా వేసుకోవాలి. దాంపత్య జీవితం మీద పడే ప్రభావాన్నీ అప్పుడే అడగాలి. డాక్టర్లు తమంతట తాము చెప్పకపోవచ్చు. అడిగితే చెబుతారు.

మూడు నెలల భయం

మూత్రాశయం మిగిలినవాళ్లకి కెమెరా గొట్టంతో పరీక్ష తప్పదు. ముప్పు ఎక్కువున్నవాళ్లకి మొదటి రెండేళ్లూ మూడు నెలలకోసారి. తేదీ దగ్గరపడుతుంటే ఇంట్లో గొంతులు తగ్గుతాయి. ఆయన అన్నం సరిగ్గా తినడు. ఆవిడ తన బీపీ మాత్ర మరిచిపోతుంది. అమెరికా నుంచి అబ్బాయి రోజూ ఫోన్ చేసి అడిగిందే అడుగుతాడు. అతని బెంగ అతనిది. అయినా డబ్బుతోపాటు ఏడాదికి రెండు వారాలు వచ్చి రాత్రి కాపలా కాస్తే అమ్మకి నిజమైన సాయం. ఊళ్లో ఉన్న కూతురో కోడలో వారానికొక రాత్రి బాధ్యత తీసుకోవచ్చు. చుట్టాల ఫోన్లన్నిటికీ జవాబు చెప్పే పని ఒకరికి అప్పగించేస్తే ఆవిడకి సగం అలసట తీరుతుంది.

ఖర్చు సంగతికొస్తే, పరీక్షలు ఏళ్ల తరబడి సాగుతాయి కాబట్టి ప్రయాణాలే బోలెడు. రైల్వే ఇక్కడ ఆదుకుంటుంది. చికిత్సకి వెళ్లే క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీల్లో పూర్తి రాయితీ ఉంది. ఆస్పత్రి సర్టిఫికెట్ చూపించాలి. వెంట వెళ్లే ఒక్కరికి కూడా ఆ తరగతుల్లో 75 శాతం తగ్గిస్తారు. ఫారం నింపేటప్పుడు ఆ రెండో పేరు రాయడం మరచిపోకండి.