వరిచేని జమాఖర్చు



గడచిన సార్వా పంటలో మన సభ్యులలో నొకరు నన్ను చూచి, "అయ్యా, నాటిన యిరువదవ నాడే మందు చల్లితిని. మందు చల్లని పొరుగు చేను పచ్చగా నుండగా, నా చేనే దోమపోటునకు సుడులు సుడులుగా నెండిపోయినదేమి?" అని యడిగిరి. దీనికి సమాధానము చేనిలోని జీవుల జమాఖర్చులో నున్నది.

సంఘమునకు వాటాధన మెట్టిదో, చేనికి సూర్యరశ్మి యట్టిది. దానిని జమ కట్టగలది పచ్చని యాకు మాత్రమే. వరి రసమును సుడిదోమ పీల్చును. దోమను సాలెపురుగు తినును. సాలెపురుగును కప్పయు, కప్పను పామును తినును. అయితే చేయి మారిన ప్రతిసారియు నా శక్తిలో చాల భాగము ఆ జీవి యొక్క శ్వాసకును, కదలికకును ఖర్చయి వేడిగా పోవును. పై మెట్టునకు చేరునది స్థూలముగా పదింట నొక వంతే. ఆకునందు 1000 పాళ్లున్నచో దోమకు 100, సాలెపురుగునకు 10, కప్పకు 1 దక్కును. అమెరికాలో నొక చిన్న సరస్సును పరిశీలించి, రేమండ్ లిండెమన్ అను శాస్త్రజ్ఞుడు 1942లో నిట్టి లెక్కకు దారి చూపెను. కావుననే తినబడు జీవులు వేలుగాను, వానిని తినునవి కొద్దిగాను ఉండును. ఆ కొద్దిపాటివి చచ్చినచో మరల పెరుగుటకు కాలము పట్టును.

ఇక మందు సంగతి. దోమ తన గ్రుడ్లను ఆకు తొడుగు లోపల పెట్టును. మందు వానిని సరిగా చేరదు. పైన తిరుగు సాలెపురుగులును, దోమ గ్రుడ్లను పీల్చు మిరిడ్ నల్లులును చచ్చును. పిమ్మట గ్రుడ్ల నుండి వచ్చిన పిల్లదోమలకు అడ్డే యుండదు. దినమునకు 5 మొదలు 15 వరకు పురుగులను తినగల సాలెపురుగును మనమే చంపుకొని, దాని పనిని డబ్బిచ్చి మందుచే చేయింప జూచుచున్నాము.

మరి దోమ రాక పూర్వము సాలెపురుగు లేమి తిని బ్రతుకును? ఇండొనీషియాలోని జావా ద్వీపమున జరిపి 1996లో ప్రకటించిన పరిశోధనలో నీ సంగతి తేలినది. నీటిలో కుళ్లు పెంటపై, ఆకులపై బ్రతుకుచు వరికి హాని చేయని చిన్న యీగలు ముందుగా పుట్టును. వానిని తిని సాలెపురుగులు తమ బలగమును పెంచుకొని, దోమ వచ్చునప్పటికి సిద్ధముగా నుండును. తొలి దినములలో మందు చల్లుట యీ బలగమును పొట్టనబెట్టుకొనుటయే. దోమపోటుచే నష్టపడిన ఆ దేశ ప్రభుత్వము 1986లో వరిపై 57 మందుల వాడుకను నిషేధించెను.

కావున పశువుల యెరువును, పచ్చిరొట్టను చేనికి పెట్టుడు. నాటునపుడు ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట విడువుడు. దుబ్బులను వంచి మొదళ్లయందు దోమలను లెక్కించుడు. సాలెపురుగులను గూడ లెక్కించుడు. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయమువారి సూచన ప్రకారము పిలకకు 1 దోమ యున్నపుడు మందు తలపెట్టవలెను. దుబ్బునకొక సాలెపురుగున్నచో పిలకకు 2 దోమల వరకు ఆగవచ్చును. ఆ మేర దాటినపుడు మందు వలదనుట లేదు. దుబ్బుల మొదళ్లు తడియునట్లు చల్లుడు.

మందు కొరకు సంఘములో అప్పు వ్రాయించుకొనుటకు ముందు, చేనిలో మనకు నిలువ యెంత యున్నదో చూచుకొనుట మేలు.