ఊరు ఒక రాష్ట్రం – బస్టాండు ఒక రాష్ట్రం
సరిహద్దు మహిళలకు టిక్కెట్టు తప్పదు

భద్రాచలం: గోదావరిపై 1965లో వంతెన ప్రారంభమైన నాటి నుంచి మన్యం పల్లెలవారికి భద్రాచలం బస్టాండే కూడలి. సంతకైనా, ఆస్పత్రికైనా ఇక్కడికే రావాలి. రైలెక్కాలంటే బస్సులో కొత్తగూడెం పోవలసిందే. ‘భద్రాచలం రోడ్’ స్టేషన్ ఉన్నది అక్కడే.

2014లో చింతూరు, కూనవరం మండలాలు, పట్టణాన్ని ఆనుకొని ఉన్న ఎటపాక ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. హద్దు మారింది గాని జనం నడిచే దారి మారలేదు.

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో మహిళలకు ప్రయాణం ఉచితం. అయితే అది ఆ రాష్ట్ర మహిళలకే, సరిహద్దు వరకే. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న ‘స్త్రీశక్తి’ మొదలయింది. ప్రారంభ నిబంధనల ప్రకారం అంతర్రాష్ట్ర సర్వీసులకు అది వర్తించదు.

ఈ లెక్కన చింతూరు నుంచి కాన్పుకు భద్రాచలం వచ్చే గర్భిణి, ఎటపాక నుంచి కూరగాయల గంపతో వచ్చే అమ్మ టిక్కెట్టు కొనాలి. కూలి డబ్బులో కొంత చార్జీకే పోతుంది. అదే తమ రాష్ట్రంలో ఎంత దూరం పోయినా పల్లెవెలుగులో పైసా అక్కరలేదు.

హద్దు నుంచి భద్రాచలం బస్టాండు ఎంతో దూరం లేదు. అక్కడి వరకైనా ఉచితం వర్తింపజేసే విషయమై ఉభయ రాష్ట్రాల ఆర్టీసీ అధికారులు కలిసి ఆలోచించవలసి ఉంది.